ఉజ్వల పైకి వెళ్ళని ఉదయం

ఉజ్వల చెన్నై సౌకార్‌పేట పిల్ల. తాతల కాలం నుంచీ వాళ్ళది స్టీలు సామాన్ల టోకు వ్యాపారం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, చదువంతా ఇంగ్లీషు. తెలుగు రాయడం, చదవడం ఆమెకు రాదు. నాయనమ్మ దగ్గర విన్నది విన్నట్టు నోటికి వచ్చేసింది, అంతే. ఎంబీబీఎస్ అయ్యాక పిల్లల వైద్యంలో పీజీ సీటు వచ్చి ఉత్తర చెన్నైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చేరింది. మొదటి ఏడాదిలోనే ఆమెను పురిటిబిడ్డల ఐసీయూలో వేశారు.

దారపుపోగులాంటి నరంలోకి సూది ఎక్కించడం ఆమెకు త్వరగానే పట్టుబడింది. పట్టుబడనిది తలుపు బయటి పని. ఐసీయూ ముందు వరండాలో తండ్రులు, అమ్మమ్మలు, నాయనమ్మలు కూర్చుని ఉంటారు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ అందరూ ఒక్కసారిగా లేస్తారు. ఎవరి బిడ్డ కబురు వస్తుందో ఎవరికీ తెలియదు కదా. కొత్తలో ఉజ్వల ఆ మొహాలు చూడలేక, ఫోను చూసుకుంటున్నట్టు తల వంచుకుని దాటిపోయేది. అసిస్టెంట్ ప్రొఫెసర్ మణిమారన్ అది కనిపెట్టి ఒకరోజు పక్కకు పిలిచాడు. నీ మొహం చూసే వాళ్ళు బిడ్డ పరిస్థితి తెలుసుకుంటారు, నువ్వు తల వంచుకుంటే బిడ్డ పోయిందనే అనుకుంటారు అన్నాడు. ఏది చెప్పినా కూర్చుని చెప్పు, ఒకసారికి ఒక్క సంగతే చెప్పు, తెలియకపోతే తెలియదని చెప్పు అన్నాడు. ఆమె నేర్చుకుంది. కొన్నాళ్ళకు తెలుగువాళ్ళ బిడ్డ ఎవరు చేరినా, మీ వాళ్ళు వచ్చారు చూసుకో అని ఆమెకే అప్పగించడం అలవాటైపోయింది.

అలా ఆమె చేతికి వచ్చినవాళ్ళే సింధూరి, చంద్రు. రాయపురంలో చేపల హార్బరు దగ్గర చంద్రుకు వలలూ తాళ్ళూ అమ్మే కొట్టు ఉంది. పెళ్ళైన మూడో ఏట సింధూరికి కవలలు నిలిచారు. ఏడో నెలలో బీపీ విపరీతంగా పెరిగి, ఒకసారి ఫిట్స్ కూడా వచ్చేసరికి ఆపరేషన్ చేసి బిడ్డల్ని బయటికి తీశారు. ముందు పాప, వెనకే బాబు. పాప కాస్త ఒళ్ళున్న పిల్ల, పుట్టగానే కేరుమంది. బాబు కిలో కూడా తూగలేదు. ఏడవనూ లేదు. నోట్లో గొట్టం వేసి మిషను మీద పెట్టాల్సి వచ్చింది.

సింధూరి ఆ ఇద్దర్నీ చూసింది ఆపరేషన్ బల్ల మీద, సగం మగతలో, ఒక్క క్షణం. ఆ తరువాత బీపీ దిగకపోవడంతో పై అంతస్తు వార్డులో ఆమెను మంచం దిగనివ్వలేదు. అందుకని ఉజ్వల రోజూ పొద్దున డ్యూటీకి రాగానే ముందు మెట్లెక్కి ఆమె దగ్గరికి వెళ్ళేది. అది ఆమె పనిలో భాగం కాదు. తల్లి గుండె నిబ్బరంగా ఉంటే పాలు పడతాయని మొదటిరోజు వెళ్ళింది. ఆ తరువాత వెళ్ళకుండా ఉండలేకపోయింది. ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే వయసు.

సింధూరి అడిగేవన్నీ బాబు సంగతులే. మిషను తీసేసినారా, రంగు ఎట్లుండాది, కాళ్ళు ఆడిస్తా ఉండాడా. ఉజ్వల ఉన్నదున్నట్టు చెప్పేది, తెలియనిది తెలియదనేది. లేచి వెళ్ళబోతుండగా సింధూరి, "మరి పాప?" అనేది. పాప బాగుంది అనేది ఉజ్వల. రోజు మొత్తం మీద ఆమె నోటితో చెప్పే మాటల్లో తేలికైనది అదొక్కటే.

ఆ రోజు ఉజ్వల వచ్చేసరికి పాప తొట్టె చుట్టూ మనుషులున్నారు. తెల్లవారుజామున పాప ఒళ్ళు పాలిపోయిందట, ఊపిరి మధ్యమధ్య ఆగిపోతోందట. రక్తంలో ఇన్‌ఫెక్షన్. నెలలు నిండని బిడ్డలకు అది ఎప్పుడు ఎట్నుంచి వస్తుందో చెప్పలేరు, వచ్చిందంటే గంటల్లో ముంచేస్తుంది. సిస్టర్ దమయంతి అప్పటికే మందులు సిద్ధం చేసి పెట్టింది. మణిమారన్ గొట్టం వేశాడు, ఉజ్వల రెండో నరం దొరకబుచ్చుకుంది. మందు మీద మందు ఎక్కించారు. ఒకసారి రంగు తిరిగినట్టే తిరిగింది. తరువాత నోట్లోని గొట్టంలోంచి రక్తం వచ్చింది. ఉజ్వల రెండు బొటనవేళ్ళతో ఆ చిన్న రొమ్మును నొక్కుతూనే ఉంది, మణిమారన్ ఆమె భుజం మీద చెయ్యి వేసి చాలు అనేదాకా.

పక్క తొట్టెలో బాబు నిద్రపోతున్నాడు.

ఉజ్వల బయటికి వెళ్ళింది. వరండాలో అందరూ లేచారు. ఆమె చంద్రునూ, అతని తల్లి మంగనూ బల్ల చివరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, తానూ కూర్చుంది. పాప పోయిందని ఒక్క మాటలో చెప్పింది. చంద్రు చాలాసేపు ఆమెను చూస్తూ ఉండిపోయాడు, బాబును పాప అని పొరపాటున అందేమో అన్నట్టు. అర్థమయ్యాక గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

మంగ ఏడవలేదు. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, మొదట అన్న మాట కోడలి గురించే.

"దానికి చెప్పొద్దు డాక్టరమ్మా. నా చెల్లెలికీ ఇట్లనే ఫిట్స్ వచ్చి బిడ్డ పోయింది. పోయిందని ఎవరో నోరు జారినారు. ఆ పొద్దే అదీ పోయింది. నేను ఆడనే ఉండా, నా కండ్లతో చూసినా."

పాపను ఈ పొద్దే మట్టి చేసేస్తామని, సింధూరిని ఇంటికి తీసుకుపోయినాక నిదానంగా చెప్పుకుంటామని అంది. రోజూ పైకి పోయేది నువ్వే కాబట్టి ఈ పొద్దు మాత్రం పోవద్దంది. చంద్రు కళ్ళు తెరవకుండానే తల ఊపాడు.

ఉజ్వల లోపలికి వచ్చి మణిమారన్‌కు చెప్పింది. ఎప్పుడు చెప్పాలో ఇంటివాళ్ళకు తెలుస్తుంది, మనం మీద పడి చెప్పం, కానీ తల్లి అడిగితే మనం అబద్ధం చెప్పం అన్నాడు ఆయన. భర్తతో మాట్లాడి ఒప్పించు అని కూడా అన్నాడు. ఆయన వేరే వార్డులో పని ఉండి వెళ్ళిపోయాడు.

ఉజ్వల పై వార్డు డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేసింది. సింధూరి బీపీ నిన్నటి నుంచి అదుపులో ఉందని, భర్త పక్కన ఉంటే చెప్పడానికి ఇబ్బంది లేదని, అసలు ఈరోజు ఆమెను మంచం దిగనిస్తామని ఆవిడ చెప్పింది. ఉజ్వల మొదటి రెండు మాటలూ పట్టుకుంది. మూడోది చెవిన పడిందే గానీ బుర్రకెక్కలేదు.

ఇక చంద్రుతో మాట్లాడాలి. బయటికి వెళ్ళి చూస్తే అతను లేడు, పూడ్చే ఏర్పాట్లకు మనుషుల్ని పిలవడానికి వెళ్ళాడు. రాగానే మాట్లాడదాం అనుకుంది. వచ్చాడు. అప్పుడు ఆమె వేరే బిడ్డకు పాలపొడి కాక తల్లిపాలు ఎందుకో ఒక నాయనమ్మకు చెబుతూ ఉంది. అది ముగించి మాట్లాడదాం అనుకుంది. ముగిసింది. అప్పుడు రక్తపరీక్షలు పంపాల్సి వచ్చింది. ఆ పనులన్నీ నిజమైనవే. కానీ వాటిలో కాసేపు ఆగలేనిది ఏదీ లేదని ఆమెకు లోలోపల తెలుసు. మెట్ల వైపు పోవాల్సి వస్తే చుట్టుతిరిగి పోయింది.

కాసేపటికి పై వార్డు నుంచి వార్డుబాయ్ అమ్మాసి పాలు తెచ్చాడు. తల్లుల పాలు కిందికి చేర్చడం అతని పనుల్లో ఒకటి. రెండు చిన్న స్టీలు గిన్నెలు, మూతల మీద ప్లాస్టరు ముక్కలు. ఒకదాని మీద బాబు, ఒకదాని మీద పాప. డాక్టరమ్మ ఈరోజు రాలేదేమని ఆ అమ్మ రెండుసార్లు అడిగిందని తమిళంలో చెప్పి వెళ్ళాడు. దమయంతి రెండు గిన్నెలూ అందుకుని ఉజ్వల మొహం చూసింది. రెంటినీ ఫ్రిజ్‌లో పెట్టింది. ఉజ్వల చేతులు కడుక్కుంది. కడుక్కున్న చేతులే మళ్ళీ కడుక్కుంది. ఇక చంద్రును పిలిచేస్తానని గట్టిగా అనుకుని తలుపు తోసింది.

సరిగ్గా అప్పుడే వరండా చివర లిఫ్టు తలుపు తెరుచుకుంది. చక్రాల కుర్చీలో సింధూరి. వెనక తోస్తూ అమ్మాసి. ఆమె తల దువ్వుకుంది, బొట్టు పెట్టుకుంది. మంచం దిగనిచ్చారని చెప్పకుండా వచ్చి అందర్నీ ఆశ్చర్యపెడదాం అనుకున్నట్టుంది, మొహం వెలిగిపోతోంది. చంద్రును చూసి నవ్వింది.

చంద్రు లేచి నిలబడ్డాడు.  మంగే ముందుకు వెళ్ళి కుర్చీకి అడ్డంగా నిలబడింది. లోపల మందు కొట్టి కడుగుతా ఉండారు, ఈ పొద్దు ఎవర్నీ రానీరంట, రేపు చూద్దువులే అంది. అని, ఉజ్వల వైపు తిరిగింది.

"అంతే కదా డాక్టరమ్మా?"

వరండాలో మిగతావాళ్ళందరికీ సంగతి తెలుసు. ఎవరూ కదల్లేదు. తల ఊపితే చాలు. అమ్మాసి కుర్చీ వెనక్కి తిప్పుతాడు, లిఫ్టు పైకి పోతుంది, సాయంత్రానికి పాప మట్టిలో ఉంటుంది. మంగ కళ్ళలో ఉన్నది మోసం కాదు, భయం. ఆ భయం ఉజ్వలకూ పట్టుకుంది. ఫిట్స్ వచ్చిన మనిషి, ఇప్పుడే మంచం దిగింది. ఏమన్నా అయితే?

"లేదు పెద్దమ్మా," అంది ఉజ్వల.  చంద్రు వైపు తిరిగింది. "అన్నా, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

చంద్రు సింధూరి నుంచి మొహం తిప్పుకున్నాడు. 

సింధూరి ముగ్గురి మొహాలూ ఒకదాని తరువాత ఒకటి చూసింది. కుర్చీ చేతుల్ని రెండు చేతులా పట్టుకుంది.

"బాబేనా? ఎప్పుడు పోయినాడు?" అంది. ఆ మాట చాలా రోజులుగా ఆమె లోపల సిద్ధంగా ఉన్నట్టు నిబ్బరంగానే వచ్చింది.

ఉజ్వల నేల మీద, కుర్చీ ముందర, గొంతుక్కూర్చుంది. "బాబు ఉండాడు సింధూరీ. బాగుండాడు. పోయింది పాప. ఈ పొద్దు పొద్దున్నే."

సింధూరికి అర్థం కాలేదు. "పాప బాగుండాది కదా," అంది. "నిన్న నువ్వే చెప్తివే, పాప బాగుండాదని."

"నిన్న బాగుండింది. రాత్రి రక్తంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. మాకు చేతనైనవన్నీ చేసినాము. నిలబెట్టలేకపోయినాము."

సింధూరి అరవలేదు. చూపు ఉజ్వల మీంచి జారి ఐసీయూ తలుపు మీద ఆగింది. "దాన్ని గురించి నేను సరిగ్గా అడగనే లేదు," అని ఎవరికీ కాకుండా అంది. "ఎప్పుడూ వాని గురించే అడిగితిని." అప్పుడు ఏడుపు వచ్చింది. కుట్లు లాగుతాయని పొట్ట పట్టుకుని, శబ్దం లేకుండా వంగిపోయి ఏడ్చింది. చంద్రు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

కాసేపయ్యాక పాప ఏడ ఉండాదని అడిగింది. పచ్చి బాలింత చూడగూడదని మంగ అడ్డుపడింది. సింధూరి అత్త మాటకు ఎప్పుడూ ఎదురు చెప్పి ఎరగదు. ఆ రోజూ గొంతు పెంచలేదు.

"నేను కన్న బిడ్డ అత్తా. నేను చూడాల," అంది.

కుర్చీని చంద్రే తోసుకుంటూ తీసుకెళ్ళాడు. తల్లులు పాలు పిండుకునే చిన్న గదిని దమయంతి ఖాళీ చేయించింది. ఉజ్వల పాపను తెల్ల గుడ్డలో చుట్టి తెచ్చింది. ప్లాస్టరు ఊడదీసిన చోట బుగ్గ మీద ఎర్రటి మచ్చ మిగిలింది. దాన్ని దాచాలని ముందు అనుకుంది, తరువాత వద్దనుకుంది. సింధూరి బిడ్డను అందుకుని గుడ్డ తొలగించి చూసింది. వేళ్ళు చూసింది, చెవులు చూసింది, పాదాలు చేత్తో పట్టుకుంది. చల్లదనం తగలగానే మళ్ళీ గుడ్డ కప్పేసింది. గడ్డం నీదే అని భర్తతో అంది. మంగ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. లోపలికి రాలేదు, అక్కణ్నుంచి పోనూ లేదు.

తరువాత బాబును కూడా చూపించారు. తొట్టె దగ్గర ఉన్నంతసేపూ సింధూరి వాణ్ని ముట్టుకోలేదు. పక్కన ఖాళీగా ఉన్న తొట్టె వైపే చూసింది.

వరండాలోకి వచ్చాక ఆమె కణతలు నొక్కుకుంది. తల పగిలిపోతా ఉండాది, కండ్లు మసకగా ఉండాయి అంది.  ఫిట్స్ వచ్చే ముందు కనబడే గుర్తులు అవే. ఉజ్వల చంద్రును పక్కకు తోసి తానే కుర్చీ పట్టుకుని లిఫ్టు వైపు పరిగెత్తింది.

పైన బీపీ చూస్తే బాగా పెరిగి ఉంది. డ్యూటీ డాక్టర్ సూది మందు ఇచ్చి, ఈమెకు ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు అని అడిగింది. నేనే, వరండాలో చెప్పాను అంది ఉజ్వల. ఆవిడ పెదవి బిగించి ఫిట్స్ రాకుండా ఇచ్చే మందు కూడా ఎక్కించడం మొదలుపెట్టింది. కిటికీ తెరలు దించారు. ఉజ్వల మంచం కాళ్ళవైపు నిలబడింది. మంగ తలవైపు స్టూలు మీద కూర్చుంది. మంగ కోడలిని చూడటం లేదు, ఉజ్వలనే చూస్తోంది. బీపీ పట్టీ గాలి నింపుకుని బిగుసుకున్నప్పుడల్లా ఇద్దరూ అంకె కోసం చూశారు. ఒకసారి దిగింది, మళ్ళీ ఎక్కింది. సింధూరి చెయ్యి ఒకసారి అదిరితే మంగ స్టూలు మీంచి సగం లేచింది. అది ఏడుపు వెక్కిళ్ళే అని తెలిశాక మెల్లగా కూర్చుంది. మధ్యాహ్నం దాటేసరికి అంకె దిగడం మొదలైంది. సింధూరి నిద్రలోకి జారుకుంది. ఫిట్స్ రాలేదు.

పాపను ఆ సాయంత్రమే చంద్రు, అతని తండ్రి తీసుకెళ్ళి పూడ్చి వచ్చారు.

మర్నాడు మణిమారన్ ఉజ్వలను తన గదికి పిలిచి కూర్చోమన్నాడు. చెప్పినందుకు తిడతాడో, మెచ్చుకుంటాడో ఆమెకు తెలియలేదు. నువ్వు అబద్ధం చెప్పకపోవడం సరే అన్నాడు ఆయన. పై వార్డు డాక్టర్ చెప్పవచ్చని పొద్దునే నీతో అన్నది కదా, మరి మధ్యలో ఏం చేశావు అని అడిగాడు.  భర్తను వెంటబెట్టుకుని పైకి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, డాక్టర్ దగ్గరుండగా చెప్పాల్సిన కబురు ఆమెకు వరండాలో, పదిమంది ముందు తెలిసింది అన్నాడు. అది అత్తగారి వల్ల కాదు, నువ్వు మెట్లెక్కకపోవడం వల్ల అన్నాడు. కోపంగా అనలేదు. ఉజ్వల బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆయన అన్నదాంట్లో కాదనడానికి ఒక్క ముక్క కూడా లేదని ఏడ్చింది.

ఆ తరువాత సింధూరి రోజూ కిందికి వచ్చి బాబు దగ్గర కూర్చునేది. ఉజ్వల ఉంటే పలకరించేది కాదు. ఏదైనా అడగాలంటే మరో పీజీని తమిళంలో అడిగేది. ఉజ్వల ఏమీ అనుకోలేదనడం అబద్ధం. చాలా కష్టమనిపించింది. అయినా రోజూ ఆమె పక్కన ఆగి, బాబు బరువు, పాలు, ఊపిరి ఎలా ఉన్నాయో చెప్పి వెళ్ళేది. జవాబు కోసం చూసేది కాదు. బాబు మిషను మీంచి దిగాడు, ఒకసారి మళ్ళీ ఎక్కాడు. పొట్ట ఉబ్బి పాలు ఆపేసినప్పుడు ఉజ్వల కూర్చుని ఆ సంగతి చెప్పింది, ఇది ఎటు పోతుందో తెలియదని కూడా చెప్పింది. వాడు దాంట్లోంచీ బయటపడ్డాడు.

వాణ్ని వెచ్చదనం కోసం రొమ్ము మీద కట్టుకుని పడుకోమని తల్లికి చెప్పిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, సింధూరి తల తిప్పకుండానే తెలుగులో అడిగింది.

"పాపకు నొప్పి తెలిసిందా?"

ఉజ్వల స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ ఉదయం జరిగిందంతా వరసగా చెప్పింది. మందు ఇచ్చినందువల్ల నొప్పి పెద్దగా తెలిసి ఉండదని, కానీ అసలు తెలియనే లేదని తాను చెప్పలేనని అంది. చివరిదాకా ఒళ్ళు ఎవరో ఒకరి చేతుల కిందే ఉందని చెప్పింది. సింధూరి వింటూ బాబు వీపు మీద చేత్తో రాస్తూ ఉంది. ఎవరి చేతులని అడిగింది. నావి అంది ఉజ్వల. సింధూరి తల ఊపింది.  మర్నాటి నుంచి ఏమున్నా ఉజ్వలనే అడిగింది.

బాబు రెండు కిలోలకు దగ్గరపడ్డాక ఇంటికి పంపారు. వాడికి వెంకట్రామ్ అని పేరు పెట్టుకున్నారు. ఆ తరువాత పరీక్షల కోసం తీసుకువచ్చేటప్పుడు సింధూరి వెంట మంగ కూడా వచ్చేది, సంచీ మోసుకుంటూ, ఉజ్వల ఉన్న బల్ల దగ్గర ఎక్కువసేపు నిలబడకుండా. ఆరో నెల నిండినప్పుడు సింధూరి చీటీ కోసం వరసలో నిలబడితే, మనవణ్ని ఎత్తుకుని మంగ ఒక్కతే లోపలికి వచ్చింది.

"నువ్వు ఆ పొద్దు చేసింది సరే అని నేను ఇప్పుడూ అనను," అంది. "నా కోడలికి ఏమన్నా అయ్యుంటే నిన్ను వదిలుండను."

"తెలుసు పెద్దమ్మా," అంది ఉజ్వల.

మంగ పిల్లవాడి చొక్కా విప్పి, టోపీ తీసి, తూకం చూడమని ఉజ్వల చేతికి అందించింది.